డ్యూక్ వేసవి భవనానికి తాళం

అక్టోబరు చివర మూసేస్తే, డ్యూక్ వేసవి భవనం మళ్లీ ఈస్టర్‌కే తెరుస్తారు. ఆ ఆఖరి సాయంత్రం గెజీనె మేడ మీద కిటికీ దగ్గర నిలబడి పార్కును ఫొటోలు తీస్తూ ఉండిపోయింది. చీకటి పడింది. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. ఆమె కిందికి వచ్చేసరికి బయటి నుంచి తాళం వేస్తున్న చప్పుడు వినిపించింది.

“ఆగండి! లోపల నేనున్నాను!”

చప్పుడు ఆగింది.

“అందరూ వెళ్లిపోయారు,” అన్నాడు కాపలాదారు ఫోల్క్‌మార్. “చెక్కనేల గీసుకుపోకుండా బూట్ల మీద తొడుక్కోమని ఇచ్చిన ఉన్ని చెప్పులన్నీ పెట్టెలోకి వచ్చేశాయి.”

గెజీనె కిందికి చూసుకుంది.

“నావి నా కాళ్లకే ఉన్నాయండీ. తలుపు తీసి చూడండి.”

“పోయినేడూ ఇదే అన్నావు. అంతకుముందేడు బస్సు వెళ్లిపోతోందని ఏడ్చావు. జాలిపడి తలుపు తీశాను. ఎవరూ లేరు. చలికి నా నడుం పట్టేసింది, అదే మిగిలింది.”

“పోయినేడు నేను రాలేదు! ఇవాళ నా టికెట్ చింపింది మీరే. మీ టోపీ బాగుందన్నాను, గుర్తులేదా?”

“ఆ మాట అన్నావిడ ఇందాకే వెళ్లిపోయింది. గేటు దగ్గర నాకు చెయ్యి కూడా ఊపింది. ఆవిడ గొంతు కూడా నేర్చేసుకున్నావూ?”

తాళం పడింది. కంకర మీద అడుగుల చప్పుడు పార్కు వైపు దూరమైంది. గెజీనె చేతులు నొప్పి పుట్టేదాకా తలుపు బాదింది.

ఆమె ఆగాక, వెనక మెట్ల మీద నుంచి ఒక ఆడగొంతు మెల్లగా అడిగింది.

“నీక్కూడా తియ్యలేదా?”