చేపల పేర్ల ప్రోగ్రాం

బరంపురం ఆఫీసులో తన కుర్చీ ఎవరూ లాక్కోకూడదని, తాను రాసిన ఆస్పత్రి టోకెన్ల కంప్యూటర్ ప్రోగ్రాంలో ప్రతిదానికీ ధనరాజు తన పల్లె చేపల పేర్లు పెట్టాడు. ఆరేళ్లయింది. ఇప్పుడు విశాఖలో మంచి ఉద్యోగం వచ్చింది. మేనేజరు మాత్రం, "ఇది అర్థమైన మనిషిని చూపించి వెళ్లు" అన్నాడు.

నలుగురిని కూర్చోబెట్టి, ఒక్కో చేపకీ అర్థం చెప్పి మరీ నేర్పాడు. నలుగురూ మేనేజరు ముందు తల అడ్డంగా ఊపి వేరే పనికి మారిపోయారు. విశాఖవాళ్లిచ్చిన గడువు సోమవారంతో సరి.

ఐదో మనిషి రింకి, రంభ అనే ఊళ్లో చేపలమ్మేవాళ్ల పిల్ల. గంటసేపు స్క్రీను చూసి నవ్వింది.

"వంజరమంటే అర్జెంటు కేసు, నెత్తళ్లంటే మామూలు క్యూ. వల లాగితే ఆ రోజుకి టోకెన్లు కట్టేసినట్టు. అంతే కదన్నా?"

ధనరాజుకు ప్రాణం లేచొచ్చింది. "అంతా అర్థమైపోనాది నీకు! పద, సారుకి సెప్పు."

రింకి కుర్చీ వెనక్కి జరిపింది.

"నాకేటీ అర్థం కానేదనే సెప్తానన్నా. అయిందంటే నువ్వెల్లిపోతావు, నేను దీని కాడ ఉండిపోవాల. ఆ నలుగురికీ మాత్రం అర్థం కానేదనుకున్నావేటి?"