గారెల పిండి

వీధిలోని కరెంటు మీటర్లు పగలగొట్టి పారిపోయిన పైడిరాజు, తెల్లవారేసరికి అక్క సత్యవేణి ఇంట్లో, పెరటి గదిలో ఉన్నాడు. ఇప్పటి మీటరు ఎవరు ఏ స్విచ్చి వేశారో, ఎవరి కోసం వేశారో కూడా కనిపెట్టి బిల్లు వేస్తుంది. ఒంటరిగా ఉండే మనిషి ఇంట్లో రెండో ఫ్యాను తిరిగితే చాలు, కంపెనీకి కబురు వెళ్ళిపోతుంది.

"ఉడికిపోతన్నానప్పా. కాసేపు ఫానెయ్యవే," అన్నాడు అక్కతో.

"నోర్ముయ్. ఇసనకర్ర ఇచ్చాను కదరా!" అని కసిరి తలుపు చేరవేసింది.

ఫ్యాను వేయలేదు, లైటు వేయలేదు, వాడి ఫోను చార్జింగు పెట్టనివ్వలేదు. కానీ తోడబుట్టినవాడు ఎన్నాళ్ళకో ఇంటికొస్తే గారెలు వండకుండా ఎలా ఉంటుంది? వాడు రాగానే నానబోసిన మినప్పప్పును గ్రైండర్లో వేసి మీట నొక్కాక గానీ ఆమెకు మీటరు గుర్తుకు రాలేదు.

గోడమీది మీటరు నెమ్మదిగా పలికింది. "గారెలా అమ్మా? ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు. మా ఆయన తద్దినం," అంది సత్యవేణి.

"అయ్యగారి తద్దినం మాఘమాసంలో కదమ్మా. నిరుడు ఆ రోజు తిరిగిన గ్రైండరు, మళ్ళీ ఇవాళే."

ఆమె గ్రైండరు కట్టేసింది. ఇల్లంతా సద్దుమణిగాక పెరటి గదిలోంచి ఫ్యాను చప్పుడు వినిపించింది.

"ఒరే, ఎందుకేశావురా?"

"నేనెయ్యలేదప్పా. దానంతటదే తిరుగుతంది."

"నేనే వేశాను," అంది మీటరు. "పాపం, ఉక్కగా ఉంది కదా. గారెలు కానివ్వండమ్మా. కంపెనీవాళ్ళొచ్చేలోపు తినేస్తాడు."