ఆయమ్మ అనని మాట

ఇంటర్వెల్ అయ్యి క్లాసులోకి వచ్చేసరికి ఆ అమ్మాయి బల్ల మీద ఒక పొట్లం ఉంది.

మెరిసే కాగితం చుట్టి, పైన రిబ్బను కట్టారు.

విప్పింది. ఒంటి సబ్బు.

వెనక బెంచీలన్నీ పగలబడి నవ్వాయి.

"ఉల్లిపాయకి మా కానుక," అన్నారెవరో.

క్లాసులో ఆమె పేరు ఉల్లిపాయ. చెమట వాసన వస్తోందని ఈ ఏడే పెట్టారు. పక్కన కూర్చునే పిల్ల కిటికీ దగ్గరికి మారిపోయింది.

సబ్బు అక్కడే పడేసి అమ్మాయి బాత్రూములోకి పరుగెత్తింది. గడియ పెట్టుకుంది.

బయట నేల రుద్దుతున్న చప్పుడు ఆగింది.

"పాపా, ఏడ్చింది చాల్లే, బయటికి రా. నేను తప్ప ఎవరూ లేరిక్కడ."

బడిలో బాత్రూములు కడిగే ఆయమ్మ. యాభై ఏళ్ళుంటాయి. అమ్మాయి తలుపు తీసేసరికి చేతిలో బ్రష్షుతో నిలబడి ఉంది.

"మీ అమ్మ నీకెప్పుడైనా చెప్పిందా?"

"ఏంటి?"

"ఈ వయసులో ఒళ్ళు మారుతుందమ్మా. చిన్నప్పటిలా నాలుగు చెంబులు పోసుకుని వచ్చేస్తే కుదరదు. చంకల్లో సబ్బు బాగా రుద్ది కడుక్కో. తడి లేకుండా తుడుచుకో. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి."

అమ్మాయి తలెత్తలేదు.

"చొక్కా తిరగేసి, చంకల దగ్గర సబ్బు పెట్టి నానెయ్యి. ఎండలో ఆరెయ్యి. నిన్న వేసుకున్నది ఇవాళ వేసుకోకు, లోపలి బట్టలైనా సరే. కొన్నాళ్ళు చేసి చూడు. అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకి చూపించుకో. ఇందులో నీ తప్పేం లేదు. చెప్పేవాళ్ళు లేకపోయారు, అంతే."

ఎంత మెల్లగా చెప్పినా అమ్మాయికి చెవులు కాలిపోయాయి.

దొడ్లు కడిగే మనిషికి కూడా తన దగ్గర వాసన వచ్చిందా?

సాయంత్రం ఇంటికి రాగానే, కుట్టుమిషను మీద వంగి ఉన్న తల్లి తలెత్తి చూసింది.

"కళ్ళేంటే, అలా ఉబ్బాయి?"

సబ్బు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. అది చెబితే ఉల్లిపాయ సంగతీ చెప్పాలి.

"ఆయమ్మ అందరి ముందూ నన్ను కంపు కొడుతున్నావంది."

తల్లి మిషను ఆపేసింది.

మర్నాడు హెడ్‌మిస్ట్రెస్ గదిలో, కూతుర్ని పక్కన నిలబెట్టుకుని తల్లి గొంతు పెంచింది.

"నలుగురిలో నా బిడ్డని అంత మాట అంటుందా? అది బడికి ఎలా రావాలి?"

ఆయమ్మను పిలిపించారు.

"అన్నావా?" అని అడిగింది హెడ్‌మిస్ట్రెస్.

ఆయమ్మ అమ్మాయి వైపు చూసింది. అమ్మాయి తన బూట్ల వైపు చూసుకుంది.

"అన్నానమ్మా. తప్పయిపోయింది."

ఆ పూటే ఆమెను పనిలోంచి తీసేశారు.

ఆయమ్మ సంచీ చంకన పెట్టుకుని గేటు దాటుతుంటే అమ్మాయి పై అంతస్తు కిటికీలోంచి చూసింది. పిలుద్దామనుకుంది. కిటికీ పక్కకి తప్పుకుంది.

ఇంట్లో తలుపేసుకుని, ఆయమ్మ చెప్పినవన్నీ ఒక్కటీ వదలకుండా చేసింది.

చొక్కా తిరగేసి రుద్దుతుంటే తల్లి వచ్చి చేతిలోంచి తీసుకుంది. చంకల దగ్గర పసుపుపచ్చగా గట్టిపడిన గుడ్డను వేళ్ళతో తడిమింది.

"రోజూ ఇదే వేసుకెళ్తున్నావా?"

"ఉన్నది ఒక్క జతే కదమ్మా."

వీధి వీధంతటికీ బట్టలు కుట్టే మనిషి ఆ ఆదివారం ఇంకెవరి పనీ ముట్టుకోకుండా కూతురికి రెండు జతలు కుట్టింది.

నెల తిరిగేసరికి వాసన పోయింది. కిటికీ దగ్గరికి మారిన పిల్ల ఏమీ ఎరగనట్టు సంచీ తెచ్చుకుని మళ్ళీ పక్కన కూర్చుంది. ఉల్లిపాయ అని పిలిచేవాళ్ళు ఒక్కొక్కళ్ళే మానేశారు.

అమ్మాయికి మాత్రం అన్నం సయించడం లేదు.

ఒకరోజు తల్లి అడగకుండానే తనే చెప్పేసింది. సబ్బూ, నవ్వులూ, తను ఆడిన అబద్ధమూ.

తల్లి కొట్టలేదు, తిట్టలేదు. చేతిలో కత్తెర పక్కన పెట్టి లేచింది.

"నేనూ అడగలేదుగా ఆవిడని, ఏమన్నావని," అంది. "పద."

బడి గేటు దగ్గర ముసలి వాచ్‌మన్ కుర్చీలోంచి లేచాడు.

"ఆయమ్మ ఇల్లెక్కడ, బాబాయ్?"

"ఖాళీ చేసి వెళ్ళిపోయిందమ్మా. ఏ ఊరో చెప్పలేదు. పనెక్కడ దొరికితే అక్కడే అంది."

తల్లి తల దించుకుంది.

"ఆవిడ ఏ మాటా అనలేదు. మా పిల్లే అబద్ధం చెప్పింది. నేను నమ్మి నోరు పారేసుకున్నాను."

"తెలుసమ్మా. వెళ్ళేటప్పుడు అడిగాను. నిజం చెబితే చిన్నపిల్ల అందరి ముందూ పలచనైపోతుందంది."

అమ్మాయికి ఏడుపు ఆగలేదు.

"నా దగ్గర వాసన భరించలేకే కడుక్కోమని చెబుతోందనుకున్నా, తాతా."

వాచ్‌మన్ ఆమెను అయోమయంగా చూశాడు.

"నువ్వు రోజూ బాత్రూములో నిలబడి అన్నం తింటున్నావని నాతో చెప్పి బాధపడేది. ఎందుకలా తింటున్నావో అద్దం దగ్గర పిల్లలు చెప్పుకునే మాటల్ని బట్టి తెలుసుకుంది. అంతేగాని ఆవిడకి వాసనెక్కడ తెలుస్తుంది పాపా, ఆ యాసిడ్లతో కడిగీ కడిగీ ముక్కు పనిచెయ్యడం మానేసి పదేళ్ళయింది."