చేతి వేడి

“ఇది నా జెల్,” అంటూ ప్రొఫెసర్ గారు ఐసు డబ్బాలోంచి సిరంజి తీసి గుప్పిట్లో పట్టుకున్నారు.

ఆ జెల్ చేసింది నేను. చల్లగా ఉన్నంతసేపూ నీళ్లలా జారుతుంది, ఒంటి వెచ్చదనం తగిలితే గడ్డకడుతుంది. అందులో జీవకణాలు కలిపి, కాలినవాళ్లకు చర్మం ప్రింటు చెయ్యాలని నా ఆశ. అచ్చయిన పేపర్లో మాత్రం ఆయన పేరే ఉంది, నాది లేదు.

చూడవచ్చిన డాక్టర్ల ముందు ఆయన ఉపన్యాసం అందుకున్నారు. మైకు దొరికితే ఆయనకి పూనకమే. సిరంజి ఇంకా గుప్పిట్లోనే ఉంది. “సార్, దాన్ని ఐసులో పెట్టండి” అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. తియ్యగా ఉంది.

చివరికి సిరంజిని ప్రింటరుకి బిగించి మీట నొక్కారు. చుక్క రాలలేదు. మళ్లీ నొక్కారు. ఎవరో దగ్గారు.

ఆయన ముఖం మాడిపోయింది. వేలు నావైపు తిరిగింది.

“నన్ను చూస్తారేమిటి? మొదటినుంచీ ఈ జెల్ చేసిందంతా ఈ అమ్మాయే! నేను చెయ్యైనా పెట్టలేదు.”

ఏది చెడినా నెపం ఎవరి మీదికి తోస్తారో నాకు తెలియనిదా! అందరి ముందూ ఆ మాట అనిపించడానికే కాచుకున్నాను.

పెద్ద డాక్టరమ్మ అడిగింది. “నిజమేనా అమ్మా? మరి పాడైందేం?”

సిరంజి ఊడదీసి, వెనకనుంచి విప్పి, లోపలి ముద్దని ఆవిడ అరచేతిలోకి తీశాను.

“పాడవలేదండీ. చేతి వేడికి గడ్డకట్టడమే దీని పని. సార్ చెయ్యి పెట్టింది ఇక్కడొక్కచోటే.”