నలుగురిని చూసిన మనిషి

వెంకటరామయ్య గారి పెట్టె మెట్ల మీదుగా దొర్లుకుంటూ వచ్చి అశోక్‌నగర్ సందులో పడింది.

విసిరింది రమాకాంత్.

అతని వెనక క్రాంతికుమార్, పోచయ్య, మల్సూర్ చేతులు కట్టుకుని నిలబడ్డారు. నలుగురూ ఒకే గదిలో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నారు. 2009 డిసెంబరు. తెలంగాణ కోసం రోడ్లన్నీ అట్టుడుకుతున్నాయి. మర్నాడే ఊరేగింపు.

పక్క గది వెంకటరామయ్య ఆంధ్రా మనిషి. రిటైరయ్యాక లైబ్రరీకి దగ్గరగా ఉంటుందని అక్కడ దిగాడు.

"ఇగ మీరు ఈడ ఉండొద్దు. నడువుండ్రి," అన్నాడు రమాకాంత్.

"నేనేం చేశాను బాబూ?"

"పొద్దంతా డాబా మీద కూసుంటరు. ఎవడు యాడికి పోతుండో చూస్తరు. నిన్న నేను బషీర్‌బాగ్ దిక్కు పోయిన సంగతి మీకెందుకు?"

"కనిపించావు. అడిగాను."

"పోలీసోళ్లకు చెప్పనీకెనా?"

ముసలాయన ముఖం ఎర్రబడింది.

"నా కళ్లు నా ఇష్టం. మూసుకోమనడానికి నువ్వెవరివి?"

సందంతా చూస్తుండగా పెట్టె ఎత్తుకుని, సొట్టపడిన మూత చేత్తో అదిమిపట్టుకుని వెళ్లిపోయాడు. ఒక్కరూ సాయం పట్టలేదు. రమాకాంత్‌కు జాలి కూడా కలగలేదు.

మర్నాడు ఊరేగింపు చౌరస్తాకు చేరేసరికి ఎక్కణ్నుంచో రాళ్లు పడ్డాయి. జీపు అద్దం పగిలింది. ఒక కానిస్టేబుల్ తల చిట్లింది. లాఠీలు లేచాయి. కింద పడిన మల్సూర్‌ను లేపబోయి మిగతా ముగ్గురూ దొరికిపోయారు.

రాళ్లు విసిరింది వాళ్లేనని కేసు రాశారు.

"కేసున్నోనికి కొలువెవడిస్తడురా?" అని బెయిలు మీద గదికొచ్చిన పోచయ్య పుస్తకాలన్నీ మంచం కిందికి తోసేశాడు.

కేసు ఏళ్ల తరబడి సాగింది. వాళ్ల తరఫున వాదిస్తున్న జ్యోత్స్న ఒకసారి చెప్పి చూసింది.

"తప్పు ఒప్పుకుంటే చిన్న శిక్షతో పోతుంది."

"ఎయ్యని రాయి ఏసిన అని ఎట్ల ఒప్పుకుంట మేడం?" అన్నాడు రమాకాంత్. "జైలుకైనా పోత. గా మాట మాత్రం నా నోట్లకెల్లి రాదు."

"అయితే బయటి సాక్షి కావాలి. మీకు మీరే సాక్ష్యం చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు?"

2012లో సాక్షి దొరికాడు. రాళ్ల కేసు పెట్టారని పేపర్లో అప్పుడే చదివి, తనంతట తానే జ్యోత్స్నను వెతుక్కుంటూ వచ్చాడట.

బోనెక్కిన మనిషిని చూసి రమాకాంత్ లేచి నిలబడ్డాడు.

వెంకటరామయ్య!

"మేడం, ఈయన మమ్ముల ముంచనీకె వచ్చిండు!"

"కూర్చో," అంది జ్యోత్స్న.

ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"ఆ రోజు చౌరస్తా ఎదుటి మేడ మీద ఉన్నాను. ఊరేగింపు సందు మలుపు తిరిగింది మొదలు పోలీసులు పట్టుకునేదాకా చూశాను. ఈ నలుగురిలో ఎవరూ రాయి విసరలేదు."

ప్రభుత్వ వకీలు లేచాడు.

"మీరేం పని చేసేవారు?"

"పరిశోధన. కదిలేవాటిని చూపు ఎలా వెంబడిస్తుందో చూసేవాణ్ని. మనుషుల్లోనూ, కోతుల్లోనూ."

కోర్టులో నవ్వులు లేచాయి. వకీలు కూడా నవ్వాడు.

"వందల మంది జనం. అంతా తోసుకుంటూ పరిగెడుతున్నారు. అందరినీ చూశారా?"

"లేదు. నలుగురినే."

"నలుగురినే ఎందుకు?"

"అంతకన్నా చేతకాదు కనుక. మా పరీక్షల్లో తెర మీద ఒకేలాంటి చుక్కలు తిరుగుతుంటాయి. కొన్నింటిని చూపించి, వీటిని వదలకండి అంటాం. మూడో నాలుగో అయితే మనిషి వదలడు. ఎక్కువైతే కలిసిపోతాయి. కోతికీ నేర్పాం. అది మనకన్నా ముందే తడబడుతుంది."

"మరి రాయి విసిరింది ఎవరు?"

"తెలియదు. అయిదోవాడి సంగతి నన్ను అడగొద్దు. ఎన్నిసార్లు అడిగినా ఇదే చెప్తాను."

"వీళ్లు మీకు కావలసినవాళ్లా?"

"కాదు. ముందురోజే నా పెట్టె రోడ్డు మీద పారేశారు."

వకీలు ఒక అడుగు ముందుకొచ్చాడు.

"అయితే మీకు వీళ్ల మీద కోపం ఉండాలే!"

"ఉంది. ఇప్పటికీ ఉంది. కోపం వచ్చిందని చూసింది మారిపోతుందా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేజిస్ట్రేటు తలెత్తి ఆయన వైపు చూశాడు.

ఆ సాక్ష్యం మీదే తర్వాత కేసు కొట్టేశారు. రమాకాంత్ అంతదాకా ఆగలేకపోయాడు. ఆ సాయంత్రమే బస్టాపు దాకా ఆయన వెనక పరుగెత్తాడు.

"సార్, మాఫ్ చేయుండ్రి. మా తాన్నే ఉండుండ్రి. గది చూస్తం."

"ఉండను."

"మా మీద గింత కోపం పెట్టుకొని ఎందుకొచ్చిన్రు సార్?"

వెంకటరామయ్య చెయ్యెత్తి బస్సు ఆపాడు.

"జర ఒక్క మాట చెప్పుండ్రి. అంత జనంల మా నలుగురినే ఎందుకు చూసిన్రు? మాకేమన్న అయితదని భయపడ్డరా?"

ముసలాయన ఫుట్‌బోర్డు మీద నిలబడి వెనక్కి తిరిగాడు.

"భయమా? మీరు రాయి విసిరిన మరుక్షణం నేనే పోలీసులకు పట్టిద్దామని కన్నార్పకుండా చూశాను బాబూ. మీరు విసరలేదు, ఆ మాట చెప్పిపోదామనే వచ్చాను."