జడముడి మూట

"తాగండి. సీసా ఖాళీ కావాలి," అంది భార్య.

పొద్దుట్నుంచి అది మూడో సీసా పళ్ళరసం. గుమాస్తా కళ్ళు మూసుకుని గుటకేశాడు. పిల్లలిద్దరూ కడుపులు పట్టుకుని బాత్రూం తలుపు దగ్గర వంతుకోసం కొట్టుకుంటున్నారు. కొత్త షాంపూ అంతా బకెట్లోకి పోయింది, సీసా గోనెసంచిలో పడింది.

అంతా అపార్ట్‌మెంట్ పోటీ మహిమ. నెలాఖరున రీసైక్లింగుకి ఎవరింటి నుంచి ఎక్కువ బరువొస్తే వాళ్ళకి 'పచ్చని ఇల్లు' షీల్డు. తూకం కాగానే మూటలన్నీ సందు చివరి పాత సామాన్ల కొట్టుకి పోతాయి. షీల్డు మాత్రం ప్రతిసారీ పైఇంటావిడకే. లిఫ్టు ఉన్నా ఆవిడ దాన్ని పట్టుకుని మెట్ల మీదుగానే వెళ్తుంది, సరిగ్గా వీళ్ళ గుమ్మం ముందు నుంచి.

"ఈసారీ ఓడిపోతే నేను తలెత్తుకు తిరగలేనండీ," అని భార్య ముక్కు చీదింది. చిన్నది మళ్ళీ వాంతి చేసుకుంది. గుమాస్తాకి ఏడుపొక్కటే తక్కువ.

సాయంత్రం కొట్టుకి వెళ్ళాడు. మూలన పెద్ద మూట ఒకటుంది. మూతికి తాడు జడలా అల్లి ముడేశారు.

"అదిచ్చెయ్."

కొట్టువాడు బుర్ర గోక్కున్నాడు. "అదా సార్... అదంటే..."

"ఎంతైనా ఇస్తానయ్యా."

కొట్టువాడు డబ్బు లెక్కపెట్టుకుని మూట ముందుకి తోశాడు.

"ఆఫీసులో అందర్నీ అడిగి పోగుచేశా," అన్నాడు ఇంట్లో. భార్య కళ్ళు చెమర్చాయి. "ప్రకృతంటే మీకింత ప్రేమని ఇన్నాళ్ళూ తెలీలేదండీ!"

తూకంలో వీళ్ళదే గెలుపు. "ఇంత బరువూ భూమి మీంచి దించేశారు!" అని సెక్రటరీ చప్పట్లు కొట్టించాడు. పైఇంటావిడ మాత్రం ఆ జడముడినే నోరెళ్ళబెట్టి చూస్తోంది. కుళ్ళుకుంటోందిలే అనుకున్నాడు గుమాస్తా. భార్య షీల్డుతో పై అంతస్తు దాకా మెట్లెక్కి, ఊరికే దిగొచ్చింది.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో అందరూ మంచినీళ్ళే తాగారు. పిల్లల కడుపులు కుదుటపడ్డాయి.

మళ్ళీ నెలాఖరు దగ్గరపడింది. ఇంకో మూట ముందుగానే మాట్లాడి పెట్టుకుందామని గుమాస్తా కొట్టుకి వెళ్ళేసరికి, పైఇంటాయన కొట్టువాడి చొక్కా పట్టుకుని నిలదీస్తున్నాడు: "ప్రతినెలా నేను పట్టుకెళ్ళే మూటని పోయినసారి ఇంకొకడికెలా ఇచ్చావయ్యా?"