కొక్కెం మీద మూడు గాట్లు

"తాతా, కొక్కెం వదులు!"

నూకరత్నం గబుక్కున లాక్కుంది.

రంగూన్ రేవు టీకొట్టు బల్ల మీద పోలయ్య చేతులు అలాగే ఆగిపోయాయి. చూపు పోయిన ముసలాడు.

"ఒక్కపాలి తడమనీ గుంటా. ఎవులిదో సెప్తాను."

"ముందు టీ ఇప్పించమంటావు. అంతేగా?"

"అదీ ఇప్పించు," నవ్వాడు పోలయ్య.

ఆమె తాత గవరయ్య ఈ రేవులోనే బస్తాలు మోశాడు. యాభై ఏళ్ల కిందట ఆయన పోయాడన్న కబురుతో పాటు మోల్మేన్‌లోని ఇంటికి ఆయన బస్తాలెత్తిన ఈ కొక్కెం చేరింది. తిథి చేరలేదు.

తండ్రికి ఒక్క తద్దినమైనా పెట్టలేకపోయానని మంచాన పడ్డ నాన్న రోజూ ఏడుస్తున్నాడు.

కొక్కెం పిడి మీద మూడు గాట్లున్నాయి. అది తాత గుర్తేననుకుని ఆమె రేవంతా అడిగింది. మూడు గాట్ల మనిషి ఎప్పుడు పోయాడో ఎవరూ చెప్పలేకపోయారు.

"గవరయ్య పేరు విన్నావా తాతా?"

"పేర్లెవులికి తెలుసమ్మా? ఒకడు పొట్టోడు, ఒకడు నత్తోడు. కొక్కెం అయితే సెయ్యి గుర్తుపడతాది."

"దొరికిందల్లా అమ్ముకుంటావట. టీకొట్టతను చెప్పాడులే."

పోలయ్య నవ్వు ఆగిపోయింది.

అయినా శ్రావణ అమావాస్య నాడు ఏటి ఒడ్డున అన్నం వండి ఆమెను కేకేశాడు.

"ఒక్క ముద్ద తినెల్లమ్మా. ఏటా ఒక్కడినే తింటన్నాను."

"రేవు ఆఫీసులో పాత రిజిస్టర్లు చూడాలి తాతా."

మూడుసార్లు పిలిచాడు. ఆమె ఆగలేదు.

వారం తిరక్కుండానే పోలయ్య పోయాడు. మోసేందుకు నలుగురైనా లేరని గుడి పూజారి సింహాద్రి కనపడ్డవాళ్లనల్లా పిలిచాడు. ఆమె కూడా వెళ్లింది.

శవం పక్కన ముసలాడి చేతికర్ర ఉంది. ఎప్పుడూ గుప్పిట చాటున ఉండే దాని పిడి మీద మూడు గాట్లు.

"ఇది మా తాత గుర్తు!" అంటూ కొక్కెం చూపించింది.

సింహాద్రి దాన్ని తిప్పి చూశాడు.

"కాదమ్మా. బస్తా ఇద్దరు కలిసి ఎత్తేది. అందుకని జతగాళ్లు ఒకడి గుర్తు ఇంకొకడి కొక్కెం మీద చెక్కుకునేవోళ్లు. గాట్లు పోలయ్యవి. కొక్కెం ఆడి జతగాడిది."

నూకరత్నం కొక్కేన్ని చల్లబడిన ఆ చేతికి తగిలించింది.

"ఆ జతగాడు... ఎప్పుడు పోయాడు?"

"శ్రావణ అమావాస్యకి. కొడుకు పసోడు, ఎక్కడున్నాడో తెలీదు, ఆడొచ్చేదాకా నేనే పెడతానని యాభై ఏళ్లూ ఈయనే తద్దినం పెట్టాడమ్మా, మొన్న కూడా ఏటి ఒడ్డున వండాడు."